తలో గంట

నేను ఒక డయాలసిస్ యంత్రాన్ని. ఏదో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఏడేళ్లు పనిచేశాను. అక్కడికి కొత్తవి రాగానే నన్ను తుడిచి, రిబ్బను కట్టి, జీడితోటల మధ్య ఉన్న ఈ చిన్న ఆసుపత్రికి దానమిచ్చారు. దాతల పేర్లున్న పలక నా తెర కంటే పెద్దది.

చెడిపోయిన కిడ్నీలు చేయలేని పని నేను చేస్తాను. రక్తాన్ని కడిగి మళ్లీ ఒంట్లోకి పంపుతాను. మనిషికి నాలుగు గంటలు, రోజుకు ముగ్గురు. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే, రాత్రి కరెంటు నిలవదు. నాలుగో మనిషికి చోటు లేదు.

ఆ నాలుగో మనిషి ధర్మారావు. జీడిపిక్కలు ఒలిచే పని అతనిది. అతని భార్య ఢిల్లేశ్వరి పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి, ముగ్గురిలో ఎవరు రాలేదో చూసేది. రాకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

"నానింకా సావనేదే పిల్లా, రేపు రా," అనేవాడు ముసలి లోకనాథం. ఆమె నవ్వలేక తల దించుకునేది.

ఒకరోజు ఆయనే నర్సు హైమతో అన్నాడు. "మేం ముగ్గురం తలో గంట ఇచ్చేస్తే ఆడికి మూడు గంటలొస్తాయి గదమ్మా?"

ప్రమాదమని డాక్టరు చెప్పాడు. వద్దని మాత్రం అనలేకపోయాడు.

రెండు నెలలు నలుగురికీ మూడేసి గంటలు నడిచాను. ధర్మారావుకు ఆయాసం తగ్గింది, అన్నం సయించింది. మిగతా ముగ్గురికీ కాళ్లు వాచాయి. లోకనాథానికి పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. రక్తంలో మిగిలిపోయిన విషానికి మనుషుల జాలి సంగతి తెలియదు.

"ఇలాగైతే నలుగురూ పోతారు," అన్నాడు డాక్టరు. "సోమవారం నుంచి మళ్లీ నాలుగు గంటలే. ముందు పేరు రాయించుకున్న ముగ్గురికే."

"ముందొచ్చింది మేమే బాబూ," అంది ఢిల్లేశ్వరి. "మాత్రలతో సూద్దాం, ఎల్లిరండని తమరే పంపేసినారు. కాయితంలో ఏటి రాసుకున్నారో నాకేటి తెలుస్తాది?"

డాక్టరు రిజిస్టరు మూసి పక్కగదిలోకి వెళ్లిపోయాడు.

శనివారం ధర్మారావుకు చివరి మూడు గంటలు. సమయం అయిందని నేను మోగాను. ఆపబోయిన హైమ చేతిని ఢిల్లేశ్వరి పట్టుకుంది.

"ఇంకొక్క గంటమ్మా."

బయట బెంచీ మీద లోకనాథం తన వంతు కోసం కూర్చున్నాడు.  ఆయన ఆయాసం తలుపు సందులోంచి వినబడుతోంది. ఢిల్లేశ్వరి దాన్ని విన్నది. తరువాత చేయి వదిలేసింది.

సూదులు తీశాక మొగుణ్ణి లేపి గోడకు ఆనించింది. కుర్చీని కొంగుతో తుడిచింది.

"రా తాతా. కాళ్లు పైకెట్టు."

వాళ్లిద్దరూ వెళ్లాక లోకనాథం కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని హైమ దుప్పటి కప్పింది. నిద్రలో దిగాల్సిన రక్తపోటు నా తెర మీద దిగలేదు. ఆ మూడు గంటలూ ఆయన మేలుకునే ఉన్నాడు.