మూడుసార్లు పిలిచాక

కుక్కర్ మూత బిగిస్తుండగా హాల్లోంచి ఆమె ఉద్యోగం గురించిన తీర్పు వినిపించింది. ప్రమోషన్ వద్దని రాసిచ్చేయాలట. విచారణాధికారి అయితే ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది, రాత్రి వంట ఎవరు చేస్తారని ఆడపడుచు ఫోన్లో అడిగింది. అత్తగారు పక్కనే కూర్చుని విన్నారు. భర్త తేల్చేశాడు.

“అందరం కూర్చుని మాట్లాడుకున్నాం,” అన్నాడు గుమ్మంలోకి వచ్చి, ఏదో ఉపకారం చేసినట్టు.

“అందరం అంటే?”

“నువ్వు వంటింట్లో ఉన్నావుగా.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. జనం ఫిర్యాదులు విచారించే సర్కారు కార్యాలయంలో ఆమె గుమాస్తా. అక్కడ పక్కవాడి గోడ కూలగొట్టిన ఘనుడికైనా ముందు నోటీసు అందాలి, అతని మాట వినాలి, తీర్పుకు కారణం చెప్పాలి. రాకపోతే బంట్రోతు వరండాలో నిలబడి మూడుసార్లు పిలుస్తాడు. అప్పటికీ రాకపోతేనే ఏకపక్ష తీర్పు. కుళాయి నీళ్లు దొంగిలించినవాడికి దక్కే మర్యాద సొంత ఇంట్లో తనకు దక్కలేదు. పెళ్లయినప్పటినుంచీ ఇంతే. ఇల్లు మారడం, రెండో బిడ్డను కనడం, ఆమె జీతంతో కొన్న సోఫా రంగు, అన్నీ ఆమె అంట్లు తోముతుండగానే తేలిపోయాయి. ఆ చప్పుడులో తన బతుకు గురించి తను సగం సగం వినడం అలవాటైపోయి నవ్వుకునేది కూడా. ఈసారి నవ్వు రాలేదు. ఆ అధికారి కుర్చీ ఆమెకు కావాలి.

“ఆదివారం టిఫిన్లయ్యాక విచారణ. ఇదే నోటీసు. మీరూ అత్తయ్యా రావాలి,” అంది.

అతను పడీపడీ నవ్వాడు.

ఆదివారం ఆమె భోజనాల బల్ల తుడిచి కూర్చుంది. అత్తగారు తల దువ్వుకుని, కళ్లజోడు పెట్టుకుని మరీ వచ్చారు. తన కేసులో తనే తీర్పు చెప్పుకోకూడదు కాబట్టి ఆ పని ఆవిడకే అప్పగించింది. ఆవిడ వద్దంటే వద్దే మరి.

హాల్లో టీవీలో మ్యాచ్ నడుస్తోంది. గుమ్మంలో నిలబడి బంట్రోతులాగే గొంతెత్తి భర్తను పిలిచింది. పలకలేదు. రెండోసారి పిలిస్తే టీవీ శబ్దం పెంచాడు. మూడోసారికి, వడ్డించాక పిలవమన్నాడు.

“పలికాడుగా, వచ్చినట్టేనా?” అత్తగారికి అనుమానం.

“మనిషి రావాలత్తయ్యా, గొంతొస్తే చాలదు.”

ఇద్దరి వాదనా ఆమే వినిపించింది, భర్తది ఇంకాస్త ఓపిగ్గా.

“నువ్వెళ్లు. వాడికి చేతుల్లేవా?” అన్నారు అత్తగారు.

తీర్పుకు కారణం చెప్పాలని కోడలు గుర్తుచేసింది. ఆవిడ తన మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి, మామగారు అమ్మేసిన కుట్టుమిషన్ దాకా వెళ్లిపోయారు. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే హాల్లో బేరం కుదిరిపోయిందట. కేసుకు సంబంధం లేని సంగతులు వినరాదని కార్యాలయంలో ఒక నియమం ఉంది. కోడలు దాన్ని ఆ పూటకు పక్కన పెట్టింది. వింటుంటే ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

ప్రమోషన్‌కు ఒప్పుకుంటున్నానని అప్పుడే పైఅధికారికి ఫోన్ చేసి చెప్పేసింది.

ఆకలేసి అతను వచ్చేసరికి బల్లమీద కంచాలు లేవు. ఉల్లిపాయలూ కత్తిపీటా ఉన్నాయి. ఇకమీదట రాత్రి వంట అతనిదేననీ, ఇప్పట్నుంచే చెయ్యి తిప్పడం నేర్చుకోమనీ తల్లే చెప్పింది.

“నన్నడక్కుండా ఎలా తేలుస్తారు?”

“అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మీరు మ్యాచ్ చూస్తున్నారుగా,” అంది భార్య.

అతను తల్లికేసి చూశాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

“అప్పీలు చేసుకోవచ్చు. ముందు ఉల్లిపాయలు తరగండి,” అంది ఆమె.