గదికో కార్పెట్ ముక్క

పెళ్లయిన నాలుగు నెలలకి ఇంట్లో కార్పెట్లు మార్చేద్దామన్నాను. మా ఆయన సరేనన్నారు. ఆయన దేనికైనా సరేనంటారు, నాకు ఒళ్లు మండేదే అక్కడ.

పాత కార్పెట్ గోధుమరంగుది. ఆయన మొదటి భార్య ఏరికోరి వేయించుకుంది. పోయే ముందు ఏడాదంతా జబ్బుతో నిద్రపట్టక, ప్రతి గదిలోనూ తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా నడుస్తూనే ఉండేదట. ఆ నడిచినచోట నూలు అరిగి, తెల్లటి చార పడిపోయింది. ఆ చార మీద నేను కాలు పెట్టేదాన్ని కాదు. భయం కాదు, అసూయ. చెప్పుకోడానికి సిగ్గెందుకు?

ఆవిడ కూతురికి తొమ్మిదేళ్లు. నన్ను పిన్ని అని పిలవమని వాళ్ల నాన్న చెప్పారు. అది నన్ను ఏమనీ పిలవదు. ఆకలేస్తే పళ్లెం చప్పుడు చేస్తుంది, అంతే. ఒక్కసారి పిలిస్తే చాలు, ఈ ఇంట్లో నాకూ చోటుందని నమ్ముతాననుకునేదాన్ని.

కార్పెట్లు వేసే మేస్త్రీ వచ్చి గదికి మూడేసి రంగుల ముక్కలు పరిచి వెళ్లాడు. ఒక్కోటి చాపంత ఉంది.

"కొట్లో చూసి కొంటే ఇంటికొచ్చాక ఏడుస్తారమ్మా. అయిదు రోజులు వీటి మీద నడవండి. పడుకోబోయే ముందు బ్రష్‌తో నూలు పైకి దువ్వండి. ఏది ఎలా నలుగుతుందో మీకే తెలుస్తుంది," అన్నాడు.

ఆ సాయంత్రమే అందరికీ వినబడేలా చెప్పేశాను: హాలుకి బూడిదరంగు, పాప గదికి లేత పసుపు, మా పడగ్గదికి నీలం. మా ఆయనది రాత్రి డ్యూటీ, పొద్దున ఎనిమిదింటికి గానీ రారు. ముక్కలన్నీ దువ్వి, ఎప్పట్లాగే పడగ్గదికి లోపల్నుంచి గడియ పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే హాల్లో బూడిదరంగు ముక్క మీద అడుగులు. ఆడమనిషి చెప్పుల గుర్తులు, ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. పాప గదిలో పసుపు ముక్క మీదా అవే.

మా ఆయన రాగానే చూపించాను. వంగినవారు చాలాసేపటిదాకా లేవలేదు.

"తను అలాగే నడిచేది," అన్నారు. స్నానానికి వెళ్లిపోయారు.

ముందు భయమేసింది, ఆ వెనకే కోపం వచ్చింది. ఇల్లు నీదే అయితే నన్నెందుకు రానిచ్చావు తల్లీ అని గోడల్ని తిట్టాను. హాలుకి ఆకుపచ్చ వేయిస్తున్నానని గట్టిగా అరిచి చెప్పాను. మర్నాడు అడుగులు ఆకుపచ్చ మీద పడ్డాయి. ఆ మర్నాడు నా మంచం పక్కనే, నీలం ముక్క మీద, తలుపు వైపు నుంచి కిటికీ వైపుకి.

నాలుగో రోజు తెల్లవారుతుండగా హాల్లో చెప్పులు ఈడుస్తున్న చప్పుడయింది. గడియ తీసి ఒక్క ఉదుటున బయటికొచ్చాను. పాప. వాళ్లమ్మ ఇంట్లో తొడుక్కునే చెప్పులు వేసుకుని, ఎడమ పాదం లోపలికి తిప్పి, ఆకుపచ్చ ముక్క మీద నడుస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

ఉలిక్కిపడింది గానీ పారిపోలేదు.

"పాతది తీసేస్తే అమ్మకి దారి తెలీదు. అందుకే చూపిస్తున్నా. మీరు ఏ రంగు వేస్తానంటే దాని మీదే నడుస్తున్నా."

ఇన్నాళ్లూ ఎవరితో పోట్లాడుతున్నాను నేను? అక్కడే కూలబడి దాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"భయంతో చచ్చాననుకో. హాల్లో నడిస్తే నడిచావు, నా మంచం పక్కకి కూడా రావాలా?"

పాప నా ముఖంలోకి వింతగా చూసింది.

"నీ గదిలోకి నేను రాలేదు పిన్నీ. నువ్వు గడియ పెట్టుకుంటావుగా."

ఆ పిలుపు కోసం నాలుగు నెలలు కాచుకున్నాను. తీరా వచ్చేసరికి ఒళ్లంతా చల్లబడిపోయింది. పాపని మాత్రం వదల్లేదు.

మేస్త్రీ వచ్చాడు. పడగ్గదికి నీలమే అన్నాను. మంచాన్ని గోడవారకి జరిపించాను.

"నడవడానికి అడ్డంగా ఉందామ్మా?" అన్నాడు.

"అవును," అన్నాను.

ఇప్పుడు తలుపు నుంచి కిటికీ దాకా ఖాళీయే. గడియ పెట్టడం కూడా మానేశాను.