ఒకే కాన్పు ఎలుకలు

కరీంనగర్‌లో ఒక కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో డెమాన్‌స్ట్రేటరు సక్కుబాయి మూడేళ్లపాటు ఎలుకల్ని పెంచింది. హుస్నాబాద్ ధాన్యపు కొట్లలో పట్టిన గోధుమరంగు వాటిని ల్యాబులోని నల్లవాటితో కలిపి, ఆ పిల్లల్ని మళ్లీ నల్లవాటితో కలిపితే ఒకే కాన్పులో రెండు రంగులూ పుట్టాయి. తల్లి ఒకటే, మేత ఒకటే, తాకే చెయ్యీ ఒకటే. అయినా నల్లవి అరచేతిలో నిద్రపోయేవి, గోధుమవి వేలు కనిపిస్తే కరిచేవి. ఒంటి రంగును పుట్టించే పదార్థానికీ, మెదడులో బెదురును నడిపే రసాయనానికీ ఎక్కడో ఒకే మూలం ఉండాలని ఆమె రాసుకుంది.

ఆ రాతలన్నీ 1964లో లెక్చరర్ దశరథం పేరుతో ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. దిద్ది ఇస్తానని నోటుపుస్తకం తీసుకున్న మనిషి తిరిగి ఇవ్వనేలేదు. అడిగితే, "ఎలుకలకు మేత ఏసినోళ్లందరు శాస్త్రవేత్తలైతే మన అంతయ్య ఎప్పుడో అయ్యేటోడు" అని ల్యాబు నౌకరు అంతయ్య ముందే నవ్వాడు. సక్కుబాయి ఆ నవ్వును మరిచిపోలేదు. మరిచిపోవడం న్యాయమనీ అనుకోలేదు.

ఆ పత్రిక చదివి హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసరు ఎలుకల పరిశీలనకు వస్తున్నారని తెలియగానే ఆమె సిరిసిల్లలో నూలుకు రంగు వేసే మేనమామ ఇంటికి వెళ్లి నల్లరంగు తెచ్చింది. చేతులకు తోలు తొడుగులు వేసుకుని, ఒక గోధుమ ఎలుకకు తల నుంచి తోక దాకా ఆ రంగు పట్టించి, ఆరబెట్టి, నల్లవాటి బోనులో వదిలింది.

ప్రొఫెసరు ముందు దశరథం చొక్కా చేతులు మడిచాడు. "మూడేండ్లు నా చేతులల్లనే పెరిగినయి సార్. ఒక్కొక్కదాన్ని మొకం చూసి గుర్తుపడ్త."

వీపు మూలకు ఆనించి, మీసాలు వణికిస్తూ నక్కిన ఎలుకను సక్కుబాయి చూపింది. "అయితే గా మూలకున్నదాన్ని తీసి చూపియ్యుండ్రి సార్."

అతడు జంకు లేకుండా చెయ్యి పెట్టాడు. ఎలుక బొటనవేలిని ఎముక దాకా కొరికి వేలాడింది.

"అది గోధుమది సార్," అంది ఆమె ప్రొఫెసరుతో. "ఎంట్రుకకు రంగు నేనే ఏసిన, పుట్టుకకు ఎయ్యలేను గదా. పెంచినోళ్లయితే అది కూసున్న తీరు చూసే చెయ్యి పెట్టకపోదురు."

ప్రొఫెసరు దశరథం వైపు తిరిగాడు. "ఈ పరిశోధన ఎవరిదయ్యా?"

దశరథం వేలిని రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు. అంతయ్య అయోడిన్ సీసాతో ముందుకొచ్చాడు. "అమ్మా, నెత్తురు కారుతున్నది. జర మందు పెట్టనియ్యుండ్రి."

"పెడుదువు, ఆగు." సక్కుబాయి కాగితం, కలం దశరథం ముందుంచింది. "ముందుగాల అచ్చేసినోళ్లకు ఉత్తరం రాయనీ."

రెండు వేళ్ల నడుమ కలం ఇరికించుకుని అతడు రాశాడు. కాగితం మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. ఆమె వాటిని తుడవలేదు. ఆ పరిశోధన సక్కుబాయిదేనని, ఆమె పేరును ఇంటిపేరుతో సహా అతడు రాసేదాకా సీసా మూత తీయనివ్వలేదు.