మగ్గం గుంతలో చెప్పులు

పెనుకొండ బస్టాండు వెనక సందులో నా రక్తపరీక్షల ల్యాబు ఉంది. పేరు విమలా ల్యాబ్. విమల మా ఆవిడ. రక్తం చూస్తాం, ఉమ్మి చూస్తాం, మూత్రం చూస్తాం, మలం మాత్రం చూడం. పేరుకు తగ్గట్టు విమలమైన ల్యాబు! ఇరవై రెండేళ్లు ఈ జోకు వేసి, ఎదుటివాళ్లు నవ్వకపోయినా నేనే గట్టిగా నవ్వేవాణ్ణి. ఇప్పుడది గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చీటీలో మల పరీక్ష అని ఒక వరుస అచ్చు వేయించిన మాట నిజమే. ఎవరూ తెచ్చివ్వరు, నేనూ అడగను. వాళ్లకు సిగ్గు, నాకు ముక్కు. ఆ వరుసలో ఒక అడ్డగీత గీసి, కింద గంగాధర అని సంతకం పడేస్తాను. 'ర' తోకను చీటీ అంచుదాకా లాగడం నాకు అలవాటు.

మా చెల్లెలు పద్మ ఇంట్లో ఆఖరిది. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. హిందూపురంలో పుట్టి, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలుగా పోయింది. పెళ్లయిన నాలుగేళ్లకు నిలిచిన కడుపు. మూడో నెలలో చూస్తే రక్తం ఏడు పాయింట్లు. నాలుగో నెలలో ఆరున్నర. ఐదో నెలలో ఆరు. ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది. ఇనుము ఇనుమడించాలి గదా, ఈమెకు ఇంకిపోతోంది! హిమోగ్లోబిన్ కాదది, హీనమోగ్లోబిన్. ఏడో నెలకు ఎనిమిదికి రాకపోతే కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కుతారని తాను చెప్పలేనని డాక్టరమ్మ మొహం మీదే అనేసింది.

ఐదో నెల పరీక్షకు పద్మను నా ల్యాబుకు తీసుకొచ్చినవాడు ఆమె మొగుడు మంజునాథ్. బెంచీ మీద ఇలా కూర్చున్నాడో లేదో ఫిర్యాదు మొదలుపెట్టాడు.

"ఈమె మాత్రలు మింగదు బావా. గోడెనక్కి పారేస్తాండాదని మాయమ్మ చెప్పింది."

"మీయమ్మ చూసిందా?" పద్మ లేచింది. లేచిన మనిషి కళ్లు తిరిగి బల్ల పట్టుకుంది, అయినా నోరు తగ్గలేదు. "మింగుతాండానన్నా! మింగకపోతే రోజూ దొడ్డికి నల్లగా ఏంటికి పోతాది? అది గూడా తెచ్చి చూపించల్లా ఏంది మీకు?"

"చూపించు," అన్నాను.

వెటకారంగా అన్న మాటను నేను అలా పట్టుకుంటానని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు. కానీ అప్పటికి నా కన్ను రెండు సంగతుల మీద పడింది. ఒకటి, కొంగు ముడిలోంచి బలపం ముక్క తీసి పటపటమని నమలడం. రక్తం తగ్గినవాళ్లకు మన్ను మీద, బలపం మీద మనసు పోతుంది. రెండోది, ఎడమ కాలి వేళ్ల సందుల్ని కుడి కాలి మడమతో రుద్దుకోవడం. మాట్లాడుతున్నంతసేపూ రుద్దుతూనే ఉంది.

మంజునాథ్ "థూ, ఏం పరీక్ష బావా ఇది" అని బయటికి పోయాడు. రక్తం తీస్తుంటే పక్కనే నిలబడి చూసిన మొగాడు!

మల పరీక్షకని విడిగా కొని, బీరువా మీద గుడ్డ కప్పి పెట్టేసిన రెండో మైక్రోస్కోపు దించాను. గుడ్డ మీద దుమ్ము, దుమ్ము మీద బల్లిగుడ్డు. పద్మ తెచ్చిచ్చినదాన్ని అద్దం కింద పెట్టి చూస్తే అక్కడా గుడ్లే. కోలగా, పల్చటి పెంకుతో, లోపల నాలుగు ముక్కలుగా చీలి. ఒకటి కాదు, పది కాదు. గుడ్లప్పగించి గుడ్లను చూస్తూ ఉండిపోయాను.

కొంకి పురుగు, హుక్‌వార్మ్. పట్టు పురుగు ఆకు కొరికి దారం తీస్తుంది, ఇది పేగు కొరికి ప్రాణం తీస్తుంది. పేగు గోడను పళ్లతో కరుచుకొని రాత్రనక పగలనక రక్తం తాగుతుంది. ఒక్కటైతే చుక్కతో పోతుంది, వందలుంటే మనిషే పోతుంది. మేము పైనుంచి ఐరన్ పోస్తున్నాం, అవి కింద విందు చేసుకుంటున్నాయి. పిల్లకు మాత్రలు, పురుగులకు పాత్రలు!

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మూడు నెలలు దాటాయి గనక పురుగుల మాత్ర వేయొచ్చంది, వేయించాను. "అయితే ఒక మాట," అంది ఆమె. "అవి నోట్లోంచి రావు, కాళ్లలోంచి వస్తాయి. మలం కలిసిన తడిమన్నులో పిల్లలై, చెప్పుల్లేని పాదం దొరికితే తోలు తొలుచుకొని లోపలికి పోతాయి. ఆమె రోజూ పాదం యాడ పెడతాందో అది చూడండి ముందు."

చూడడానికి ఆదివారం ధర్మవరం పోయాను. చేతి సంచిలో మూడు డబ్బాలు, ఇంటిల్లిపాదికీ. పద్మకు ఒక జత కొత్త రబ్బరు చెప్పులు.

పద్మ అత్త కుళ్ళాయమ్మ వాకిట్లో కూర్చొని జరీ చుడుతోంది. అరవై దాటిన మనిషి. నోరు మాత్రం పదహారేళ్లది.

"రాప్పా గంగాధరా. ఏం తెచ్చినావు?" అని సంచిలోకి తొంగి చూసింది. "ఏందప్పా ఇది? చెల్లెలింటికి వచ్చేటోడు పండ్లు తెస్తాడు, పూలు తెస్తాడు. నువ్వు డబ్బాలు తెచ్చినావు, అవీ ఉత్తవి!"

"ఉత్తవే తెచ్చినా అత్తా. రేపు పొద్దున నిండినవి తీసుకపోతా."

ఎందుకో చెప్పాక ఆ వాకిట్లో పడిన తిట్లు రాస్తే ఈ కాగితం కూడా పరీక్షకు పంపాల్సి వస్తుంది. "ఛీ" అనే అక్షరానికి అన్ని దీర్ఘాలుంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంట్లోకి పోయాను. ముందుగదిలో మగ్గం. దాని కింద మొలలోతు గుంత. నేసేవాళ్లు నేల అంచున కూర్చొని కాళ్లు ఆ గుంతలోకి దించి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తారు. పద్మ అందులో ఉంది. మందారం రంగు చీర, పరిగిలో ఎవరిదో పెళ్లికి. తొమ్మిది రోజుల్లో ఇవ్వాలట. ఆమె పాదాలు చీలమండల దాకా మెత్తటి నల్లమన్నులో దిగి ఉన్నాయి.

వంగి చేత్తో తాకాను. తడి.

"నీళ్లు పోసినారా?"

"పోయకపోతే ఎట్ల?" కుళ్ళాయమ్మ నా వెనకే వచ్చింది. "గుంత సల్లగుంటేనే పోగు తెగదు. మా అత్త చెప్పింది, వాళ్లత్త చెప్పింది. కొత్త పడుగు ఎక్కించినప్పుడల్లా పాత మన్ను తోడేసి కొత్త మన్ను పరుస్తాము."

"ఈ మన్ను యాడిది అత్తా?"

"పెరటెనక కంపచెట్ల కాడిది. ఆడ మన్ను వెన్న మాదిరి ఉంటాది."

"ఆ కంపచెట్ల కాడికి పొద్దున్నే ఎవరెవరు పోతారు?"

మగ్గం మీదనుంచి పద్మ చెప్పింది, తల ఎత్తకుండా. "అందరమూ పోతామన్నా."

"పెరట్లో మరుగుదొడ్డి కట్టించినారు గదా?"

"దాంట్లో పట్టుండాది," అన్నాడు అప్పుడే గడప దాటి వచ్చిన మంజునాథ్. "జరీ డబ్బాలుండాయి. ఇంట్లో స్లాబూ తాళమూ ఉండేది దానికొక్కదానికే బావా. ఈ రేకుల కింద పెడితే వానకు తడిసిపోదా?"

నాకు మండింది. పట్టుకు స్లాబు, పొట్టకు కంప! దొడ్డికి పోవాల్సినవాళ్లు దొడ్డి వెనక్కి పోతున్నారు, అక్కడి మన్ను వెన్నలా ఉందని తట్టల్తో ఎత్తి తెచ్చి ఇంటి నడుమ పరుచుకుంటున్నారు, మాడిపోకుండా నీళ్లు కూడా చల్లుతున్నారు. పురుగుల్ని పెంచడంలో మనవాళ్లు దిట్టలని తెలుసుగాని, ఇంత దిట్టలని తెలియదు. అరిచాను. మాత్ర లోపలి పురుగుల్ని చంపుతుంది, గుంత కొత్తవాటిని పంపుతుంది, ఇట్లయితే ఏడో నెలకు ఎనిమిది కాదు, మనిషే ఉండదు అని సందు చివరిదాకా వినబడేలా అరిచి, రబ్బరు చెప్పులు పద్మ ముందు పడేశాను.

"ఏసుకో. ఏసుకొనే నెయ్యి. లేదంటే ఎక్కి పైకి రా."

కుళ్ళాయమ్మ ఆ చెప్పుల్ని కాలితో వాకిట్లోకి తన్నింది.

"మగ్గం గుంతలో చెప్పులా! చౌడమ్మ తల్లి కూచునే తావప్పా అది! నేను నలభై ఏండ్లు దిగినా ఈ గుంతలో, ఒట్టి కాళ్లతోనే. నా కూతురు భవాని పదేండ్లు నేసింది ఒట్టి కాళ్లతో. మాకెవరికీ రాని పురుగు మీ చెల్లెలికి యాడిది? పుట్టింటి నుంచి తెచ్చుకునింటాది!"

"ఆ భవాని యాడుండాది అత్తా ఇప్పుడు?"

నోరు జారింది. భవాని తొలికాన్పులో పోయిందని నాకు తెలుసు. పద్మ ఆ ఇంటికి రాకముందే. పెనుకొండలో ఇచ్చిన ఏడాదికే. మగ్గం చప్పుడు ఆగిపోయింది. మంజునాథ్ గోడ చూశాడు.

కుళ్ళాయమ్మ ఏడవలేదు. మొలలోంచి తాళంచెవి తీసి పెరట్లోకి పోయింది. మరుగుదొడ్డి తలుపు తెరిచి, పట్టు కండెల అడుగునుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా మొహం మీదికి చాచింది.

"మేము చూపించలేదనుకున్నావా నా బిడ్డను? తెల్లగా సున్నం మాదిరి అయిపోతాంటే పెనుకొండలోనే రక్తం చూపించినాము. సదువుకున్నోనివి గదా, సూడు. పురుగని యాడన్నా రాసినారేమో సూడు!"

మడతలు చిరిగిపోయిన చీటీ. ఎనిమిదేళ్ల నాటిది. పైన విమలా ల్యాబ్ అని ఉంది.

రక్తం ఐదు పాయింటు నాలుగు. మల పరీక్ష అన్న వరుసలో ఒక అడ్డగీత. కింద సంతకం, 'ర' తోక చీటీ అంచుదాకా పోయింది.

కుళ్ళాయమ్మకు చదువు రాదు. "ఏమీ రాయలేదత్తా" అనేస్తే అయిపోయేది. అబద్ధం కూడా కాదు. నిజంగానే ఏమీ రాయలేదు, గీశానంతే. నేను గీసిన గీత ఆ పిల్లకు తలరాత అయింది. ఇలాంటి మాటలు వేరే రోజైతే నాకే ముచ్చటగా ఉండేవి.

"ఇది నా ల్యాబే అత్తా. ఈ గీత నేను గీసిందే."

"గీతంటే?"

"సూడలేదని. అడగలేదని."

ఆమె నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"అడిగింటే ఇచ్చుందుము గదప్పా," అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. "అడిగింటే ఏమనేదానివి? ఇందాక అన్నావు గదా, అదే అనేదానివి. ఛీ అని."

"అనేదాన్నే! ఛీ అని, నీ మొగం మీద ఉమ్మేసి, తిట్టుకుంటా తిట్టుకుంటా తెచ్చిచ్చేదాన్ని. నా బిడ్డ గదప్పా అది! సిగ్గు కన్నా నా బిడ్డ నాకు ఎక్కువ కాదా? నీకు కంపు కొడతాదని అడగలేదా?"

అవునని తల ఊపాను. ఇంకేం ఊపను?

ఆమె పద్మ జబ్బ పట్టుకుంది. "లెయ్. పైకి రా."

"అత్తా, చీర..."

"చీర నీ మొగుడు కట్టుకుంటాడా? లెయ్ అంటాండా!"

పద్మ మన్ను కాళ్లతో పైకొచ్చింది. కుళ్ళాయమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి తానే ఆ కాళ్ల మీద పోసి, వేళ్ల సందుల్లో చెయ్యి పెట్టి కడిగింది. తర్వాత మళ్లీ పెరట్లోకి పోయి, మరుగుదొడ్డిలోని జరీ డబ్బాలు ఒక్కొక్కటే ఎత్తి బయటపడేయడం మొదలుపెట్టింది. "అమ్మా, జరీ! అమ్మా, మెల్లిగ!" అని మంజునాథ్ వెనకాల పరుగెత్తి పట్టుకుంటున్నాడు. "నీ మంచం మీద పెట్టుకోని పండుకోపో!" అని ఆమె ఇంకోటి విసిరింది.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, చివర్లో తీపిగా చెప్పే ఓపిక నాకు లేదు. పద్మకు ఏడో నెలలో రక్తం ఎనిమిదిన్నర. గుంత అడుగున మంజునాథ్ కడప బండలు పరిచాడు. మిగతా ఇద్దరి డబ్బాల్లోనూ గుడ్లున్నాయి, కుళ్ళాయమ్మ దాంట్లో మరీ ఎక్కువ. నలభై ఏండ్లుగా ఆ ముసలామె ఎంత రక్తంతో మగ్గం నడిపిందో, ఎంత రక్తంతో ఇంతలేసి నోరు చేసుకుందో లెక్క ఏ ల్యాబుకూ అందదు.

ఆ రోజుకు వస్తే, దొడ్డి ఖాళీ చేసి, చేతులు కడుక్కొని, కుళ్ళాయమ్మ వాకిట్లో బోర్లాపడి ఉన్న రబ్బరు చెప్పులు తెచ్చి తొడుక్కుంది. అవి పద్మ కొలతవి, ఆమె మడమలు బయటికి వచ్చాయి. మగ్గానికి దండం పెట్టింది. "తల్లీ చౌడమ్మా, తిడితే నన్ను తిట్టు, కోడల్ని అనాకు" అని గుంతలోకి దిగింది. తొక్కుడు కుదరలేదు, చెప్పు జారింది, కర్ర తప్పింది. బూతు ఒకటి వచ్చింది, దేవతకో చెప్పుకో తెలియదు. మళ్లీ తొక్కింది. టప్పు, టప్పు.

నేను సంచి సర్దుకుంటున్నాను.

"డబ్బాలెన్ని తెచ్చినావు?" అంది, పోగుల నడుమ నాడె విసురుతూనే.

"మూడు."

"ఈ సందులో పద్నాలుగు మగ్గాలుండాయి. అన్ని గుంతల్లోనూ అదే మన్ను. ఆ మూలింటి చౌడక్క కోడలికి నెలలు నిండినాయి, తెల్లగా పాలిపోయి ఉండాది. మూడు డబ్బాలంట, మూడు! పో, పోయి తేపో."

"ఛీ అంటారత్తా."

"అంటారు. నువ్వు వాకిట్లోంచి కదలాకు."