పన్నెండో వంట

ఏప్రిల్ మూడు, గురువారం. ఆ రోజు పొద్దున మున్హో తిన్నది సోయా మొలకల చారు, అన్నం, నాలుగు కిమ్చి పచ్చడి ముక్కలు. తేదీలను అతను తిన్నవాటితోనే గుర్తుపెట్టుకుంటాడు. ఓక్బున్‌ను ఆసుపత్రిలో చేర్చిన రోజు ఉడికించిన చిలగడదుంప. ఆమె పోయిన రోజు ఏమీ లేదు, అందుకని ఆ తేదీ ఒక్కటే అతనికి సరిగా గుర్తుండదు.

ఇంకా ఐదు కాలేదు. హాస్టల్ మూడో అంతస్తు వంటగదిలో, మూత పెట్టిన గిన్నె పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మొలకలు ఉడుకుతుండగా మూత తీస్తే పచ్చివాసన పట్టుకుంటుంది, ఇక దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. ఒక్క సంచి మొలకలు మూడు రోజులు వస్తాయి. మొదటి రోజు చారు. రెండో రోజు నువ్వుల నూనె చుక్క వేసి కలుపుకోవడం. మూడో రోజు బియ్యంతోపాటే కుక్కర్లో వేసేయడం. ఫ్రిజ్‌లో మొలకలున్నన్నాళ్లూ మనిషి దిగులు పడనక్కర్లేదని ఓక్బున్ అనేది.

ఓక్బున్ అతని భార్య. పోయి ఆరేళ్లవుతోంది. పోయే ముందు రెండు నెలలు, ఆసుపత్రి మంచం మీద నుంచే అతనికి వంట నేర్పింది. అప్పటిదాకా ముప్పై ఏళ్ల కాపురంలో అతను నీళ్లు కూడా కాచుకున్నవాడు కాదు. ఆమె చెప్పేది, అతను ఇంటికెళ్లి వండి, మర్నాడు చిన్న డబ్బాలో తెచ్చేవాడు. ఆమె నాలుక చివర తాకించుకుని, "ఉప్పు" అనో "ఊఁ" అనో అనేది. "ఊఁ" వస్తే తరవాతి వంట. అలా పదకొండు వంటలయ్యాయి. పన్నెండోదిగా, ప్రతి పుట్టినరోజుకూ తాగే సముద్రపు నాచు చారు చెప్పమని అతనే అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది ఎవరికి వాళ్లు వండుకునేది కాదండీ. ఎవరో ఒకరు వండి పెట్టాలి."

అప్పటినుంచీ అతను ఆ పదకొండు వంటలతోనే బతుకుతున్నాడు. నాచు చారు మళ్లీ తాగలేదు.

చారు దింపి, అన్నం సంగతి చూశాడు. ఆ హాస్టల్లో అన్నం, కిమ్చి గది అద్దెలోనే వస్తాయి. ఇరవై మూడు గదులకు ఒక్కటే పెద్ద కుక్కర్. చివరి గరిటె తీసుకున్నవాళ్లు బియ్యం కడిగి మళ్లీ పెట్టాలని గోడ మీద కాగితం అంటించి ఉంది. ఎవరూ పెట్టరు. అందరూ పరీక్షలకు చదివేవాళ్లు, వాళ్లకు టైము లేదు. మున్హోకు ఉంది. కోచింగ్ సెంటర్లుండే నోర్యాంగ్జిన్ వీధిలో ఒక బైండింగ్ షాపులో పని అతనిది, తొమ్మిదికి మొదలవుతుంది. బియ్యం మీద అరచెయ్యి ఆనించి, నీళ్లు మణికట్టు ఎముక దగ్గరికి వచ్చేదాకా పోసి, బటన్ నొక్కాడు. ఐదున్నరకు అన్నం అవుతుంది. ఐదున్నరకే మూడువందల ఎనిమిదో గది అమ్మాయి బయటికి వస్తుంది. కోచింగ్ సెంటర్లో ముందు వరస దొరకాలంటే ఆరింటికల్లా అక్కడుండాలి. వేడి అన్నం రెండు ముద్దలు తిని పరిగెడుతుంది.

ఆ రోజు ఆమె రాలేదు. ఆవిరి కిటికీ అద్దం మీద మబ్బులా పరుచుకుని, మెల్లగా కరిగిపోయింది. పుట్టినరోజు కదా, పడుకోనీ అనుకున్నాడు మున్హో.

పుట్టినరోజని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనిది మూడువందల తొమ్మిది. రెండు గదుల మధ్యా ఉన్నది గోడ కాదు, పల్చటి చెక్క పలక. పడుకుంటే అటు ఆమె తల, ఇటు ఇతని తల జానెడు దూరంలో ఉంటాయి. ఐదేళ్లలో ఒక్క మాట లేదు. మనుషులు ఇంత దగ్గరగా బతికే చోట, చూడనట్టూ విననట్టూ ఉండటమే మర్యాద. ఆమె పేరు సుల్గి అని తెలిసింది కూడా షాపుకు వచ్చిన నోట్సు అట్టల మీద చూసే. ఏటా చలికాలంలో ఆమె కాగితాల కట్టలు అతని చేతి మీదుగానే పుస్తకాలయ్యేవి. ఈ ఏడు ఎందుకో రాలేదు.

నిన్న రాత్రి ఆ పలక అవతల ఫోను.

"తెలుసమ్మా, రేపేగా... శనివారం పరీక్ష పెట్టుకుని నాచు చారు ఎవరన్నా తాగుతారా? జారిపోనూ? నువ్వేగా చెప్పేదానివి... ఆఁ, అయ్యాక తాగుతా. ఒట్టు."

ఫోను పెట్టేసింది. ఆ తర్వాత, నోట్లో గుడ్డ కుక్కుకుంటే వచ్చేలాంటి చప్పుడు.

మున్హో చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకున్నాడు. జారుడు తిండి తింటే పరీక్షలో జారిపోతారని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఏటా పరీక్షకు కాస్త ముందే ఆమె పుట్టినరోజు. అంటే ఐదేళ్లుగా ఆ పిల్లకు పుట్టినరోజు చారు లేదన్నమాట. వండి, చల్లార్చి, డబ్బాలో పోసి, మూత మీద 308 అని రాసి ఫ్రీజర్‌లో పెడితే? శనివారం సాయంత్రం పరీక్ష రాసొచ్చాక వేడి చేసుకుంటుంది. ఎవరు పెట్టారో తెలియనక్కర్లేదు. ఎవరో ఒకరు వండాలి అంది ఓక్బున్. ఆ ఎవరో తనూ కావచ్చు.

షాపులో ఆ రోజంతా కాగితాలు నీళ్లలా కదిలాయి. కట్ట తట్టడం, అంచు సరిచేయడం, మెషిన్ కింద పెట్టి పిడి లాగడం. రంధ్రాల నుంచి రాలిన తెల్ల చుక్కలు అతని చొక్కా చేతుల మీద, కనుబొమల మీద. కళ్లు మూస్తే మంచు, తెరిస్తే మళ్లీ షాపు. ఇరవై ఏడేళ్లు ఈ వీధిలోనే. అతను కట్టిన పుస్తకాలు చదివి పోలీసులయినవాళ్లు, గుమాస్తాలయినవాళ్లు, ఏమీ కానివాళ్లు ఎందరో. అతను మాత్రం ఒక్క పేజీ చదవలేదు.

మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లో ఎండు నాచు ప్యాకెట్టూ, చిన్న ట్యూనా చేప డబ్బా ఒకటీ తీసుకున్నాడు. గొడ్డుమాంసంతో చేసేది ఓక్బున్. ఒంటరి చేతికి ట్యూనా చాలు. ప్యాకెట్ చేతిలో ఎండాకుల్లా గలగలమంది. ఇంత తేలిగ్గా ఉంది, ఒక గిన్నెడు చారుకైనా సరిపోతుందా అనుకున్నాడు.

ఐదింటికి షాపు నుంచి వచ్చి, వంటగది సింకులో పెద్ద గిన్నె పెట్టి, ప్యాకెట్ మొత్తం వేసి నీళ్లు పోశాడు. నానేలోగా నడుం వాలుద్దామని గదికెళ్లాడు. కన్ను మూతపడింది. చెక్క పలక అవతల సముద్రం ఉన్నట్టు, దాని ఒడ్డున ఓక్బున్ కూర్చుని నల్లటి తడిజుట్టు విరబోసుకుని దువ్వుకుంటున్నట్టు, ఎంత దువ్వినా జుట్టు పెరుగుతూనే ఉన్నట్టు...

"ఎవర్రా ఇది పెట్టిందీ!"

హాస్టల్ చూసుకునే పెద్దావిడ యోమ్ గారి గొంతు. మున్హో లేచి పరిగెత్తాడు. గిన్నె కనపడటం లేదు. నాచు దాన్ని మింగేసి, సింకు నింపేసి, అంచు మీదుగా జారి, బండ మీద పాకుతూ నేలకు వేలాడుతోంది. ఇంకా ఉబ్బుతూనే ఉంది.

"ఎంత నానబెట్టావయ్యా?" అన్నారు యోమ్ గారు.

"ప్యాకెట్టు."

"ప్యాకెట్టు మొత్తమా? ఇరవై మందికని దాని మీద రాసి ఉందిగా! పొద్దస్తమానం కాగితాల్లోనే బతుకుతావు, ఆ ఒక్క ముక్క చదవలేకపోయావా?"

గుమ్మంలో నవ్వు వినపడింది. మూడువందల పన్నెండో గది మాన్సు, ముప్పై నాలుగేళ్లవాడు, పోలీసు పరీక్షకు ఇది ఏడోసారి. "బాబాయ్, సముద్రం మొత్తం తెచ్చావు సరే, చేపల్నేం చేశావ్?" అంటూ లోపలికి అడుగు వేసి, నేల మీది తడి చూసి ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. "అమ్మో! ఎల్లుండి పరీక్ష పెట్టుకుని నాచేంటి బాబాయ్! అందర్నీ కట్టగట్టి జార్చేద్దామనా? ఆంటీ, చెప్పుకి తగిలింది. ఇది లెక్కలోకొస్తుందా?"

"ఆరుసార్లు ఏ నాచు తొక్కి జారావురా మరి?" అన్నారు యోమ్ గారు.

వెనక నుంచి తొంగిచూసిన ఇద్దరు ఆడపిల్లలు లోపలికి రాకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. మున్హో రెండు చేతులా నాచు ఎత్తి పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. వేళ్ల మధ్య నుంచి అది జారిపోతోంది.

అప్పుడు సుల్గి వచ్చింది. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చి ఉంది. సింకు చూసింది, అతన్ని చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు.

"ఎవరి పుట్టినరోజు బాబాయ్?"

చెబితే రాత్రి ఫోను మాటలు విన్నట్టు అవుతుంది. "అది... ఎవరిదో ఒకరిది ఉంటుందిగా," అన్నాడు.

ఆమె నవ్వు మెల్లగా తగ్గింది. "పలక బాగా పల్చన కదా," అంది.

మున్హో చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ్టికి కాదమ్మా. ఇవాళ వద్దు, నాకు తెలుసు. శనివారం సాయంత్రానికి. వండి ఫ్రీజర్‌లో పెడదామని."

"శనివారం నేనుండను."

"పరీక్ష అయ్యాకే అంటున్నా."

"పరీక్షకీ ఉండను బాబాయ్. ఈసారి అప్లికేషనే పెట్టలేదు. రాత్రి ఎనిమిదింటికి బస్సు."

కుళాయి నుంచి ఒక చుక్క నాచు మీద పడి చప్పుడు లేకుండా ఇంకిపోయింది. మాన్సు తన చెప్పుల వంక చూసుకున్నాడు. మున్హో గోడ గడియారం చూశాడు. ఆరున్నర. నాచు ఉంది, ట్యూనా ఉంది, పొయ్యి ఉంది. ఎలా వండాలో ఒక్కటే తెలియదు.

"మాది దక్షిణ తీరంలో, వాండో పక్కన దీవి," అంది సుల్గి, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "మా అమ్మ ఈ నాచే పెంచుతుంది. చలికాలమంతా సముద్రంలోంచి నాచు పట్టిన తాళ్లు లాగుతుంది. నేను చెప్తా, మీరు వండండి. నేను ముట్టుకోను. ముట్టుకుంటే అది పుట్టినరోజు చారు కాదు."

"చెప్పు."

"గుప్పెడు తీసుకోండి. అంతే! మిగతాది పిండి పక్కన పెట్టండి. ఇప్పుడు గిన్నెలో నువ్వుల నూనె."

"ఎంత?"

"మా అమ్మ అయితే 'అలా ఒక చుట్టు' అంటుంది."

అతను ఒక చుట్టు తిప్పాడు. వెల్లుల్లి నలిపి వేశాడు. నాచు వేయగానే గిన్నె బుస్సుమంది, ఆకుపచ్చటి ఆవిరి లేచింది. నీళ్లు పోయకుండా ఇంకాసేపు వేయించమంది. పోశాక ట్యూనా వేసి, తొందరపడి దింపొద్దంది. సోయా సాస్ రెండు చెంచాలు. ఆమె గొంతు వెనక నుంచి వస్తోంది. అతను తిరిగి చూడలేదు. చూస్తే గొంతు ఆగిపోతుందేమోనని అతనికి ఎందుకో భయం వేసింది. చెంచాతో కాస్త తీసి, ఊది, వెనక్కి చాచాడు.

"ఉప్పు," అంది. అతను వేశాడు. మళ్లీ చాచాడు.

"ఊఁ."

పొయ్యి ముందు మున్హో కాసేపు అలాగే నిలబడ్డాడు.

బల్ల దగ్గర సుల్గి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఆవిరిలో ముఖం సరిగా కనపడటం లేదు. మొదటి చెంచా మింగి కళ్లు మూసుకుంది. తర్వాత లేచి, ఇంకో గిన్నెలో పోసి అతని ముందు పెట్టింది. "పెద్దవాళ్లు తినకపోతే నేనెలా తింటాను?" అంది. అతను తిన్నాడు. ఆరేళ్ల తర్వాత. రుచి ఓక్బున్ చేసినట్టు లేదు. అయినా బావుంది.

మాన్సు తన గదికెళ్లి, 312 అని రాసి ఉన్న డబ్బా తెచ్చి, మూత తీసి ఆమె వైపు జరిపాడు. వాళ్లమ్మ పంపిన కారం పట్టించిన ఎండు చేపలు. ఆ డబ్బా ఎవరైనా ముట్టుకుంటే అంతస్తంతా వినపడేలా అరిచే మనిషి.

"ఏంటన్నా, నిజంగానేనా?" అంది సుల్గి.

"తిను. నీ దయవల్ల శనివారం ఒక పోటీ తగ్గింది," అన్నాడు. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి, "వాండోలో పోలీస్ స్టేషన్ ఉందా?" అన్నాడు.

"ఉంది. దొంగలే లేరు."

"అయితే అక్కడికే వేయించుకుంటా."

ఆమె మళ్లీ నవ్వింది. చారు అడుగంటా తాగింది. మున్హో నెమ్మదిగా అడిగాడు. "అమ్మకు చెప్పావా?"

"ఇంకా లేదు. తెల్లారి మొదటి పడవ దిగాక చెప్తా. ఏమని మొదలుపెట్టాలో తెలీడం లేదు బాబాయ్. ఐదేళ్లు."

అలాంటి మాటలు అతని పదకొండు వంటల్లో లేవు.

"చారు తాగానని చెప్పు ముందు," అన్నాడు చివరికి. "తల్లి కదా, మొదట అదే అడుగుతుంది. అది నిజమే కదా. తర్వాత మిగతాది."

సుల్గి తల ఊపింది. లేచి, గిన్నె కడగబోతే అతను తీసేసుకున్నాడు. వంటగది గుమ్మంలో ఆమె నడుం వంచి, ఎంతో కిందికి నమస్కారం చేసింది. అంతగా వంగి అతనికి ఎవరూ నమస్కారం చేయలేదు. చేతికి సబ్బు నురగతోనే అతనూ వంగాడు.

మిగిలిన నాచును పిడికెడు పిడికెడు తీసి కవర్లలో కడుతుంటే నడవలో పెట్టె చక్రాల చప్పుడు వినపడింది. గది గది దగ్గరా కాస్త నెమ్మదించి, మెట్ల దగ్గర ఆగి, ఎవరో ఎత్తుకున్నట్టు మాయమైంది. మాన్సు గొంతు ఒకటి కింది నుంచి వచ్చింది. "బరువేంటే బాబూ, పుస్తకాలన్నీ మోసుకుపోతున్నావా?" సమాధానం వినపడలేదు. పద్దెనిమిది కవర్లయ్యాయి. ఫ్రీజర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాడు. నెంబర్లు రాయలేదు.

గదికి వెళ్తూ చూస్తే మూడువందల ఎనిమిది తలుపు బార్లా తెరిచి ఉంది. గాలి ఆడాలని యోమ్ గారు తీసిపెట్టినట్టుంది. మున్హో గుమ్మంలో ఆగాడు. ఐదేళ్లు పక్కనే బతికిన గది, చూడటం ఇదే మొదలు. అచ్చం తన గదే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. మంచం చెక్క, బల్ల, గోడ మీద కాగితాలు పీకిన జిగురు మరకలు. నడవ దీపం గుమ్మం దాటి కాస్తంతే లోపలికి పడుతోంది. అతను లోపలికి అడుగుపెట్టలేదు. చప్పుడు కాకుండా, గొళ్లెం వేళ్లతో పట్టుకుని, తలుపు దగ్గరికి వేశాడు. సన్నబడుతున్న ఆ వెలుగులో చివరగా కనపడింది కుర్చీ మీద ఆమె వదిలేసిన దూది మెత్త. మధ్యలో లోతుగా దిగబడిపోయి ఉంది. లేచి వెళ్లిపోయినా, ఆ గుంట ఇంకా పైకి లేవలేదు.