లోపలికి మోసిన పరుపు

మనిషిని ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి హార్లాండ్ కౌంటీలో ఒక పద్ధతి ఉంది. కోర్టు కాగితం పట్టుకుని డిప్యూటీ, అంటే కౌంటీ పోలీసు, వస్తాడు. ఆయన దేన్నీ ముట్టుకోడు. నడుముకి తుపాకీ, చేతిలో కాఫీ కప్పుతో గుమ్మం పక్కన నిలబడి చూస్తాడంతే. సామాను ఎత్తి బయట పడెయ్యాల్సింది ఇంటి యజమాని పంపిన కూలీలు. కూలీలు రాకపోతే డిప్యూటీ కాసేపు చూసి వెళ్లిపోతాడు, కాగితం మళ్లీ వరసలో వెనక్కి పోతుంది. ఎంత పెద్ద ఉత్తర్వైనా చివరికి కూలివాడి చేతుల మీదుగా జరగాల్సిందే. ఈ సంగతి ఓడెల్ పెట్‌వేకి బాగా తెలుసు. తెలిసే ఐదేళ్లు ఆ సామాన్లు మోశాడు.

ఆ వేళ వ్యానులో రేడియో మోగుతోంది. కౌంటీ ఆర్థిక భవిష్యత్తు గురించి ఎవరో పెద్దమనిషి చెప్పుకుపోతున్నాడు. అట్లాంటా నుంచి జనం ఇటే వస్తున్నారట, కొత్త గోదాములు లేస్తున్నాయట, ఇళ్ల ధరలు పెరిగాయట, అద్దెలు అంతకంటే పెరిగాయట, వచ్చే ఏడు ఇంకా బాగుంటుందట. వ్యాను నడుపుతున్న కాంట్రాక్టర్ కేగిల్ మురిసిపోయాడు.

"విన్నార్రా? మన పనికి కరువు లేదు."

వెనక కూర్చున్న ఆరుగురూ తమ బూట్ల వంక చూసుకున్నారు. ఆ ఆరుగురూ అద్దె కొంపల్లో ఉండేవాళ్లే. ఓడెల్ ఉండే ఫెయిర్‌లేన్ అపార్టుమెంట్లూ, ఇప్పుడు వాళ్లు ఖాళీ చేయించబోయే ఇల్లూ ఒకే కంపెనీవి. ఇళ్ల ధరలు పడిపోయిన రోజుల్లో ఎక్కడో న్యూయార్కులో ఉన్న ఆ కంపెనీ ఈ కౌంటీలో వీధులకి వీధులే కొని పారేసింది. అప్పులో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లే మళ్లీ అదే ఇంట్లో ఆ కంపెనీకి అద్దె కట్టుకుంటూ బతికారు. అద్దె ఏటా పెరిగింది. జీతాలు పెరగలేదు. ఈ రెండో ముక్క ఆ రేడియో పెద్దమనిషి చెప్పలేదు.

ఆ ఇంట్లో ఉన్నది ఎర్నెస్టీన్ బివెన్స్ అనే పెద్దావిడ. బడి భోజనాల గదిలో ముప్పై ఏళ్లు వడ్డించి రిటైరైంది. ఏడవలేదు, అరవలేదు. తలుపు బార్లా తీసి, ఏ పెట్టె ఎలా పట్టుకోవాలో కూలీలకి తనే చెప్పింది. ఓడెల్ టోపీ కళ్ల మీదికి లాక్కుని ఆవిడ పక్క నుంచి జారుకోబోయాడు. ఆవిడ ఆగి అతని మొహంలోకి చూసింది.

"నువ్వు రోసలీ పెట్‌వే కొడుకువి కదూ? మొక్కజొన్న రొట్టె ఇంకొకటి వెయ్యమని రోజూ అడిగేవాడివి."

"కాదండీ. ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో."

ఆవిడ తల ఊపింది. "అలాగేలే నాయనా. అందులో గాజు సామానుంది, అడుగున చెయ్యి వెయ్యి."

ఓడెల్‌కి తల కొట్టేసినట్టయింది. చేతిలో పెట్టె ఉంది కాబట్టి నడిచాడు. ఆవిడ చర్చికి పెట్టుకెళ్లే టోపీలు గుండ్రటి అట్టడబ్బాల్లో గడ్డి మీద పేర్చాడు. వేళయ్యేసరికి గడ్డి తడిపే కుళాయిలు వాటంతట అవే తిరగడం మొదలెట్టాయి. కంపెనీ పెట్టించిన కుళాయిలవి, ఆపడం ఎవరికీ తెలీదు. అందరూ చూస్తుండగానే డబ్బాలు నాని విచ్చుకున్నాయి. ఎవరో ట్రక్కు ఆపి ఆ సామాన్లోంచి నిలువు దీపం ఒకటి ఎత్తుకుపోయాడు. డిప్యూటీ కాఫీ తాగాడు. కేగిల్ తాళం మార్చాడు. ఓడెల్ వ్యానెక్కి కూర్చున్నాడు గానీ సొంత తల్లి పేరు కాదన్న నోరు రోజంతా చేదుగానే ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక ఫెయిర్‌లేన్ బట్టలుతికే గదిలో మీటింగు పెట్టారు. పిలిచింది వర్నెట్టా, పెద్ద హోటల్లో విందులకి వడ్డించే మనిషి. మొన్న వ్యాపారుల సంఘం వాళ్ల ఫలహారాల సభలో గుడ్లూ బేకనూ వడ్డిస్తూ తెర మీద బొమ్మలన్నీ చూసొచ్చింది. ఆ బొమ్మల్లో ఫెయిర్‌లేన్ కూడా ఉందట. ఇక్కడి పాతకాపులు ఖాళీ అయితే అద్దె ఎంతకైనా పెంచుకోవచ్చని, కౌంటీకి మంచి రోజులొస్తాయని చెప్తుంటే అందరూ చప్పట్లు కొట్టారట.

"ఆ కౌంటీలో మనం లేము," అంది వర్నెట్టా. "వాళ్ల ప్లేట్లు తీసింది నేనే, వాళ్లు ఖాళీ చేయిస్తామన్నదీ నన్నే. గురువారం నా సామాను పడేస్తారంట. పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను?"

గదిలో గోల మొదలైంది. ఒకాయన లాయరు దగ్గరికి పోదామన్నాడు. ఒకావిడ కౌంటీ బోర్డుకి అర్జీ పెట్టి చూశామంది, వాళ్లు నవ్వి పంపేశారంది. టాలివర్ అనే ముసలాయన బల్ల మీద గుద్దాడు. కంపెనీ న్యూయార్కులో ఉంది సరే, మన పరుపులు వీధిలో పడేస్తున్న కుక్కలెవరు, మన వాళ్లు కారా అని అడిగాడు.

ఓడెల్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రాకూడదనుకుంటూనే వచ్చాడు. వెనక్కి తిరిగి చల్లగా జారుకునేవాడే, కానీ తనకి అక్కడ చోటిచ్చిన మేనకోడలి పక్కన కూర్చున్న ఎర్నెస్టీన్ అతన్ని చూసింది. ఇప్పుడు నలుగురిలో పేరు పెట్టి పిలుస్తుందని అతను బిగుసుకుపోయాడు. ఆవిడ పక్క కుర్చీ మీద సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, వచ్చి కూర్చోమని చేత్తో సైగ చేసింది. చెంపదెబ్బ అయితే తట్టుకునేవాడు. ఆ కుర్చీని తట్టుకోలేకపోయాడు.

"ఆ కుక్కల్లో నేనొకణ్ణి," అన్నాడు. "రోసలీ పెట్‌వే కొడుకుని. మొన్న ఈవిడ ఇల్లు ఖాళీ చేసింది నేనే. అడిగితే నేను కాదన్నాను."

టాలివర్ లేచి కాలరు పట్టుకున్నాడు. ఓడెల్ విడిపించుకోలేదు. గదంతా బూతులు. వర్నెట్టా మధ్యలోకొచ్చి ముసలాయన చెయ్యి తీసింది.

"వీణ్ణి కొడితే నా ఇల్లు నిలబడుతుందా? వీడొచ్చి మనతో కూర్చుంటాడో లేదో అది అడుగు."

ఓడెల్ నీళ్లు నమిలాడు. తనొక్కడు మానేస్తే కేగిల్ ఇంకొకణ్ణి తెస్తాడన్నాడు. ఆరుగురూ మానేస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. డిప్యూటీ దిండు కూడా ముట్టుకోడని ఒప్పుకున్నాడు. మరి ఐదేళ్లూ ఆ మాట ఎందుకు అనుకోలేదని ఎవరో వెనకనుంచి అడిగారు. ఓడెల్ వచ్చి ఎర్నెస్టీన్ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆ మూడు రోజులూ కూలీల ఇళ్లకి తిరిగాడు. ఇద్దరు వెంటనే సరేనన్నారు. ఇద్దరు, మా పిల్లలకి నువ్వు పెడతావా అని తలుపేసుకున్నారు. హోండురాస్ నుంచి వచ్చిన విల్మర్ మాత్రం నసిగాడు. "నాకు ఈ దేశంలో ఉండే కాగితాల్లేవు అన్నా. నీకు జైలైతే నాకు దేశమే పోతుంది." ఓడెల్ మళ్లీ అడగలేదు.

గురువారం పొద్దున ఫెయిర్‌లేన్ ఆవరణ నిండా జనం. వ్యాను ఆగింది. ఓడెల్ దిగి, రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాడు. వెనకే ఇద్దరు కూర్చున్నారు.

"ఏంట్రా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు కేగిల్.

"చేతులు రావడం లేదండీ."

తలుపేసుకున్న ఇద్దరూ ఆ గట్టు వంకా, ఆ జనం వంకా చూసి వాళ్లూ కూర్చున్నారు. విల్మర్ వ్యాను మెట్టు మీద చాలాసేపు నిలబడి, డిప్యూటీ వంక చూడకుండా వచ్చి చివర్లో కూర్చున్నాడు. కేగిల్ తిట్టాడు, బతిమాలాడు, రెట్టింపు కూలి ఇస్తానన్నాడు. ఆఖరికి తనే వర్నెట్టా ఇంట్లోకెళ్లి సోఫా ఒక కొస పట్టుకుని లాగాడు. రెండో కొస పట్టేవాడు లేక అది గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుంది. జనం విరగబడి నవ్వారు. డిప్యూటీ గడియారం చూసుకుని కాగితం మడిచి కారెక్కాడు.

ఈలలు, చప్పట్లు. టాలివర్ ఓడెల్‌ని కౌగిలించుకున్నాడు. ఓడెల్ తల ఎత్తలేదు. ఆ చప్పట్లు అతనికి మంటెత్తించాయి. తను ఎన్ని కుటుంబాల్ని గడ్డి మీద పడేశాడో అతనికే తెలీదు.

"చప్పట్లు ఆపండి," అన్నాడు. "కేగిల్‌కి రెండో వ్యానుంది. ఈ వేళకి అది పీకన్ రిడ్జ్ పేటలో ఇంకెవరి సామానో పడేస్తుంటుంది."

కార్ల తలుపులు తెరుచుకున్నాయి, జనం ఎక్కి అటు బయల్దేరారు.

పీకన్ రిడ్జ్‌లో అప్పటికే సగం ఇల్లు బయటుంది. ఒక తల్లి పసిపిల్లని ఎత్తుకుని గడ్డి మీద నిలబడింది. ఇద్దరు కూలీలు పెద్ద పరుపు మోసుకుంటూ గుమ్మం దాటుతున్నారు. ఓడెల్ ఉపన్యాసం ఇవ్వలేదు. వెళ్లి ముందువాడి చేతుల్లోంచి పరుపు కొస అందుకుని, ఇంటివైపు తోశాడు. వెనకున్న కుర్రాడు అతన్ని చూశాడు, జనాన్ని చూశాడు, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

"కింద పెట్టు. కోర్టు ఉత్తర్వుకి అడ్డొస్తున్నావు," అన్నాడు అక్కడి డిప్యూటీ.

"పెట్టను."

బేడీలు పడ్డాయి. ఓడెల్ వదిలిన కొస నేలకి జారేలోపు ఎర్నెస్టీన్ రెండు చేతులా పట్టుకుంది. ఆవిడ పక్కన వర్నెట్టా పట్టుకుంది, ఆ పక్కన విల్మర్. డిప్యూటీ ఇంకో జత బేడీల కోసం నడుము తడుముకున్నాడు. ఉన్న ఒక్క జతా ఓడెల్ చేతులకుంది.

కారు వెనక సీట్లోంచి ఓడెల్ చూశాడు. ఐదేళ్లలో ఒక సామాను లోపలికి పోవడం అతను చూడటం అదే మొదలు. సిగ్గు ఏమాత్రం తగ్గలేదు. పరుపు గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోయింది, దాని వెనకే కుర్చీలు, పెట్టెలు, ఉయ్యాల, తలా ఒకటి ఎత్తుకుని జనం వరసకట్టారు.