మొక్కు వాళ్లది, కాళ్లు నావి

పద్మా, ఇట్లా దగ్గరికి జరుగు. ఆ సెల్లు పక్కన పెట్టి చేటలో చేయి పెట్టు. శనక్కాయ బుడ్డలు ఒలుస్తూనే వినొచ్చు, చెవులకు వేరే పనేమీ లేదు కదా. గింజలు చేటలోకి, పొట్టు గంపలోకి. పొద్దున నువ్వు అడిగిన దానికి ఇప్పుడు జవాబు చెబుతాను. "అవ్వా, మొదటి రొట్టె పెనం మీద ఏసి నువ్వు కండ్లు మూసుకుంటావే, దేవునికి మొక్కుతావా?" అన్నావు. మొక్కను. నా బతుకులో మొక్కులు చాలానే తీర్చాను గానీ, మొక్కింది మాత్రం నేను కాదు.

పెళ్లైన ఏడాదే మీ తాత సుంకప్పకు టైఫాయిడ్ జ్వరం వచ్చింది. మా అత్త మంచం పక్కన నిలబడి, ఉరుకుంద ఉండే దిక్కుకు తిరిగి చేతులెత్తింది. "ఈరన్నా, నా కొడుకు లేచి తిరిగితే, శ్రావణమాసంలో నా కోడలు చెప్పుల్లేకుండా నీ గుడికి నడిచి వస్తాది సామీ" అంది. నేను ఆ పక్కనే గంజి చల్లారుస్తున్నాను. నన్ను ఒక్క మాట అడగలేదు. అడగాలి కదా అని నాకూ తోచలేదు, అదీ నిజమే. పక్కింటి వాళ్లు గడ్డపార కావాలంటే, గడ్డపారను అడిగి ఇస్తామా?

నడిచాను. తర్వాత ఎద్దు కాలు విరిగితే మీ తాత మొక్కాడు, నేను నడిచాను. మీ అమ్మకు తట్టు పోస్తే అత్త మొక్కింది, మళ్లీ నేనే నడిచాను. అంతా నల్లరేగడి బాట. వాన పడితే ఒక్కో కాలికి శేరు మట్టి అంటుకునేది, పడకపోతే తుమ్మముళ్లు. బయలుదేరే ముందు ఇంట్లో వాళ్లకు రెండు పూటలకూ రొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి పెట్టి, బర్రెకు నీళ్లు పెట్టి పోవాలి. దేవుడి పని ఉందని ఇంటి పని ఆగుతుందా?

నాలుగోది బోరు మొక్కు. అంతకుముందు మూడు బోర్లు వేయిస్తే దుమ్ము లేచింది తప్ప చుక్క నీరు లేదు. నాలుగోది వేసేటప్పుడు మీ తాత చేనులోనే, పదిమంది ముందర అరిచాడు. "ఈరన్నా, నీళ్లు పడితే మా హనుమక్క నడిచొచ్చి తలెంట్రుకలు ఇస్తాది!" ఈరన్న విన్నాడో, భూమి విన్నదో, నీళ్లు పడ్డాయి. నా జడ అప్పట్లో నడుము దాటేది.

"మొక్కింది నువ్వు గదా, గుండు నువ్వే కొట్టిచ్చుకో" అన్నాను, నవ్వుతాలకు అన్నట్టే.

"నా దాంట్లో ఏముండాదే ఇచ్చేకి? ముందరంతా బట్టతలే. నీ జుట్టు మళ్లా వస్తాది లే, నీళ్లు పోతే మళ్లా వస్తాయా?"

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. రెండు ఎండాకాలాలకు బోరు ఎండిపోయింది. జుట్టయితే వచ్చింది. మీ తాత చెప్పిన మాట ఒక్కటన్నా నిజమైంది.

ఆ మొక్కు తీర్చిన రోజు గుండుతో దేవుడి ముందుకు పోయాను. పూజారి "కోరుకునేదేదో తొందరగా కోరుకోమ్మా" అన్నాడు. ఇంటివాళ్ల కోరిక తీరిపోయింది కదా, ఇక నాదేదో చెప్పుకుందామని కళ్లు మూసుకున్నాను. మనసులోకి పిల్లలు వచ్చారు, ఎద్దులు వచ్చాయి, బోరు వచ్చింది, అత్త మోకాళ్ల నొప్పులు కూడా వచ్చాయి. నాది ఒక్కటీ రాలేదు. ఖాళీ గాదెలో చేయి పెట్టి తడుముకున్నట్టు తడుముకున్నాను. ఇంతలో వెనకామె తోసింది, బయటికొచ్చి పడ్డాను. తిరిగొచ్చే దారిలో అరికాళ్లు మండుతున్నా నాకు ఆ ధ్యాస లేదు. ఇన్నేళ్ల మనిషిని, నాకేం కావాలో నాకు తెలియదు కదా అనే దిగులే.

మరుసటి పొద్దున మొదటి రొట్టె పెనం మీద వేశాను. తడిచేత్తో పైన రాసి, రెండో రొట్టె తట్టకుండా చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఊపిరి వచ్చేదీ పోయేదీ చూసుకుంటూ, "హనుమక్కా, ఈ పొద్దు నీకేం కావల?" అని నన్నే అడిగాను. జవాబు లేదు. మరుసటి రోజూ లేదు. మూడు నెలలు అట్లాగే అడిగాను. మా అత్త, "ఏందే, కూచునే నిద్రపోతాండావా? రొట్టె మాడతాండాది సూడు" అని కేకలేసేది. నిజంగానే మాడేది. మాడినవి నేనే తినేదాన్ని.

ఒకరోజు వచ్చింది జవాబు. వేడి రొట్టె తినాలి. అంతే, పెద్దదేమీ కాదు. పెళ్లై పదహారేళ్లకు, అందరికంటే ముందు, పొయ్యి దగ్గరే కూర్చుని, పొగలు కక్కే రొట్టెను ఊరుబిండి పచ్చడితో తిన్నాను. అత్త వాడంతా చెప్పింది. చెప్పనీ. అప్పటి నుంచి ఏదో ఒకటి వచ్చేది. మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చాలి. పండగా చావూ ఏదీ లేకుండా ఊరికే పుట్టింటికి పోయి రావాలి. వచ్చినదాన్ని మనసులో గట్టిగా పట్టుకుని, ఎట్లాగైనా జరుపుకునేదాన్ని. పెద్దవి అడిగే ధైర్యం మాత్రం లేదు. మీ మామ తిరుపాల్ పదో తరగతి పాసైనప్పుడు, వాళ్లు మొక్కిన మొక్కుకే ఐదోసారీ నడిచాను మరి.

పోయిన శ్రావణంలో ఏమైందంటే, మీ అత్త మల్లేశ్వరికి గర్భసంచి ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా కాలేదు. తిరుపాల్ రొట్టె తింటూ, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"వచ్చే సోమవారం మల్లేశ్వరి ఉరుకుందకు నడిచి పోవల్ల. పోయినేడు పత్తికి పురుగు తగలకపోతే పంపిస్తానని మొక్కినా."

"డాక్టరమ్మ దూరం నడవద్దనింది గదా" అంది మల్లేశ్వరి, పిండి ముద్ద చేతిలో అట్లాగే ఉంది.

"బరువు మోసేదేముంది, ఉత్త చేతులతోనే గదా పోయేది. మా అమ్మ ఐదుసార్లు పోలేదా? ఏమైంది? గుండ్రాయి మాదిరి ఉండాది సూడు."

మల్లేశ్వరి నావైపు చూసింది. ఇంకో చేయి పొత్తికడుపు మీద, కుట్ల దగ్గర ఆనించి ఉంది. నేను నడిచిన నడకలన్నీ ఆ పిల్లకు ఎదురుసాక్ష్యం చెబుతున్నాయి. నేను నోరు మూసుకుంటే ఆమె నడుస్తుంది. ఆ పొద్దున నన్ను నేను అడిగినదానికి అప్పటిదాకా జవాబు రాలేదు. అప్పుడు వచ్చింది.

"ఒరే తిరుపాలూ, మొక్కిన నోరు ఎవురిది?"

"నాదే. ఏంది మా నీ కత?"

"అట్లయితే కాళ్లు కూడా నీవే. నువ్వే నడువు."

మీ తాత చాప మీద నుంచి, "దేవునితో పెట్టుకోవద్దు, కండ్లు పోతాయి" అన్నాడు.

"ఈరన్నకు ఎవురి కాళ్లయినా ఒకటేలే. కాదంటే నన్నొచ్చి అడగమను."

"చేన్లో గుంటక తోలేది ఉండాది మా, నాకు తీరదు" అన్నాడు తిరుపాల్.

"ఆ పిల్ల ఆ దావన అడుగు పెట్టిందంటే, నేను ఈ ఇంట్లో ఇంక రొట్టె తట్టను."

అన్నాక నాకే తెలిసింది, అన్నంత పనీ చేస్తానని. వాళ్లకూ తెలిసినట్టుంది. మల్లేశ్వరి ముద్దను పీట మీద పెట్టి తట్టడం మొదలుపెట్టింది.

రెండు రోజులు తిరుపాల్ నా మీద అలిగి తిరిగాడు. సోమవారం పొద్దున్నే లేచి, చెప్పులు గడప దగ్గర విడిచి పోయాడు. సాయంత్రం బస్సు దిగి కుంటుకుంటూ వచ్చాడు. అరికాళ్లు బొబ్బలు, మడమలో ముల్లు. పొయ్యి మీద వేడినీళ్లున్నాయి, తెచ్చుకోమన్నాను. తెచ్చుకుని, కాళ్లు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తల ఎత్తకుండా అడిగాడు.

"మా, ఐదుసార్లు ఎట్ల నడిచినావే?"

"నన్నెవురూ అడగలేదురా. అందుకే నడిచినా."

ఇదీ సంగతి పద్మా. దీన్ని నీ దగ్గరే పెట్టుకోవద్దు. ఎమ్మిగనూరు పోయినాక నీతో చదివే పిల్లలకు చెప్పు. వాళ్లను వాళ్ల అమ్మలకు చెప్పమను. రొట్టె చేయడం రాకపోతే టీ కాగేదాకా కూర్చుని, నీకేం కావల అని తమను తామే అడగమను. మొదట్లో చాలా రోజులు లోపల ఏమీ వినబడదని కూడా చెప్పు తల్లీ. ఆ ముక్క చెప్పకపోతే, తమకేమీ లేదనుకుని రెండో రోజే అడగడం మానేస్తారు.